నీరా కల్లులా కనబడకూడదు: గీత సంఘాల సోషల్ మీడియా చిత్రాలకు సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజామున తాటి చెట్టు నుంచి దించిన, ఇంకా పులియని నీరాకు, అదే చెట్టు నుంచి పొద్దెక్కాక దించిన కల్లుకు ఉన్న తేడా రుచిలోనూ వాసనలోనూ చట్టంలోనూ స్పష్టంగానే ఉంటుంది. ఫోను తెర మీద రుచికీ వాసనకూ చోటు లేదు కనుక, అక్కడ ఆ తేడాను చూపగలిగేది వెలుతురు ఒక్కటే. నీరా పల్చని కొబ్బరినీళ్ల మాదిరిగా వెలుతురును తన గుండా సాగనిస్తుంది. కల్లు పాలలా తెల్లబారి దాన్ని అడ్డుకుంటుంది. నీరా, తాటి బెల్లం, ముంజలు అమ్ముకునే గీత కార్మికుల సహకార సంఘాలు, చిన్న వ్యాపారులు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టే చిత్రాలను ఎలా మెరుగుపరచుకోవచ్చో వివరించే ఈ మార్గదర్శిలోని సూచనలన్నీ ఆ తేడా చుట్టూనే తిరుగుతాయి.

హనుమకొండకు దగ్గరలోని ఒక సంఘం కోసం మొదటిసారి నీరా ఫొటోలు తీయడానికి నేను ఉదయం పదకొండు గంటలకు తీరిగ్గా వెళ్లాను. ఐసు పెట్టెలోంచి తీసిన సీసాను సున్నం గోడ ముందు పెట్టి, ఒక్కో కోణం వెతుక్కుంటూ అరగంట గడిపాను. ఆలోగా సీసా మెడ దగ్గర నురగ కట్టింది, లోపలి ద్రవం మసకబారింది, దానికి తోడు వెనక తెల్లటి గోడ ఉండటంతో సీసాలో పాలు పోసినట్టే కనిపించింది. ఆ సాయంత్రం చిత్రం కింద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం "అన్నా, కల్లు సీస ఎంత?" అన్నవే. చూసినవారు చూసినదాన్నే అడిగారు. తప్పంతా నా సమయపాలనలోనూ, నేను ఎంచుకున్న గోడలోనూ ఉంది.

మొదటి దశ: సరుకు స్వభావాన్ని బట్టి సమయం నిర్ణయించుకోవడం

సాయంత్రం గెలను గీసి చిన్న కుండ లాంటి లొట్టి కడితే రాత్రంతా బొట్టుబొట్టుగా నీరా దిగుతుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు ఆ నీరాలోని చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. నురగ ఆ వాయువు వల్లనే వస్తుంది. బాక్టీరియా పెరిగేకొద్దీ పులుపు, మసక కూడా తోడవుతాయి. లొట్టి లోపల సున్నం పూయడం, దించిన వెంటనే వడకట్టి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరి చల్లదనంలో ఉంచడం ఈ మార్పును నెమ్మదింపజేస్తాయి. అలాగని పూర్తిగా ఆపలేవు. ఎండ తగలడం మొదలైతే వేగం పెరుగుతుంది. అందుచేత నీరా ఫొటోకు అనువైన సమయం సూర్యోదయానికి కొంచెం ముందు మొదలై దాదాపు రెండు గంటల్లో ముగుస్తుంది.

అదృష్టవశాత్తూ ఫొటోకు కావలసిన మెత్తటి, పక్కవాటు వెలుతురు దొరికేదీ ఆ రెండు గంటల్లోనే. వరంగల్ ప్రాంతంలో జనవరి మధ్యలో పొద్దు పొడిచేసరికి సుమారు 6:45 అవుతుంది, మే మధ్యలో అయితే 5:40 దాటదు. కాబట్టి తాటి నీరా సమృద్ధిగా వచ్చే ఎండాకాలంలో నాలుగున్నరకే లేవాల్సి ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే తోటకు వెళ్లి, ఏ చెట్టు వెనక నుంచి పొద్దు పొడుస్తుందో, గ్లాసు ఎక్కడ పెట్టాలో, నడిచే దారిలో ముళ్లకంచె ఎక్కడుందో చూసుకుని రావాలి. చీకట్లో ఈ వెతుకులాట పెట్టుకుంటే వెలుతురు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి ఖరీదైనవేమీ కావు. మూడు నాలుగు సాదా గాజు గ్లాసులు, శుభ్రమైన నూలు గుడ్డ, తెల్ల అట్టముక్కలు రెండు, నల్ల అట్టముక్కలు రెండు, పల్చని తెల్ల ధోవతి, ఐసు పెట్టె, ఫోనుకు చిన్న స్టాండు ఉంటే సరిపోతుంది. ఇంటి ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోను లెన్సు మీద బయటి తేమకు ఆవిరి పడుతుంది కనుక, చేరగానే దాన్ని తుడిచి ఐదు నిమిషాలు బయటి గాలికి ఉంచాలి.

రెండవ దశ: తాటివనంలో గీత కార్మికుడి చిత్రం

ఈ చిత్రం సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చెబుతుంది. ఓరుగల్లు పేరు చెప్పగానే కాకతీయ తోరణాన్ని ప్రతి పోస్టు మూలలో అతికించే అలవాటు మనలో చాలామందికి ఉంది. తోరణం మీద నాకూ ప్రేమ ఉంది, కానీ నీరా ఆ రాతి కింద నుంచి రాలేదు. చెరువు కట్ట మీద వరుసగా నిలిచిన తాటి చెట్లు, చెలక గట్ల మీది ఈతలు, వాటి కింద చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నడిచే మనిషి కనిపిస్తే ఊరి పేరు రాయకపోయినా మన జిల్లాల వారు గుర్తుపడతారు.

నీరా దించే కార్మికుడు చాలావరకు పొద్దు పొడవకముందే చెట్టెక్కుతాడు. సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు తూర్పు ఆకాశం వెలగడం మొదలవుతుంది. ఆ ఆకాశానికి ఎదురుగా మీరు పడమటి వైపు నిలబడితే చెట్టు, మనిషి, నడుముకున్న లొట్టి నల్లని నీడలుగా తేటగా వస్తాయి. ఫోను తెర మీద ఆకాశపు భాగాన్ని తాకి, వేలు అలాగే కాసేపు ఉంచితే వెలుతురు కొలత అక్కడే స్థిరపడుతుంది. నైట్ మోడ్ ఆపేయాలి. కదిలే మనిషి దానిలో చెరిగిపోతాడు. చెట్టు మొదట్లో నిలబడి వెడల్పు లెన్సుతో పైకి తీస్తే ఇరవై మీటర్ల తాటి చెట్టు కూడా సూదిలా సన్నబడుతుంది. చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం వెనక్కి జరిగి, ఫోనులో నిజమైన జూమ్ లెన్సు ఉంటే రెండింతలో మూడింతలో దగ్గరికి తెచ్చుకోవాలి. వేళ్లతో లాగి అంతకుమించి పెంచితే ఆకులన్నీ నీటిరంగు మరకల్లా మారతాయి.

ఇక్కడ నేను ఏమాత్రం రాజీపడని నియమం ఒకటుంది. ఫొటో కోసం ఎవరినీ రెండోసారి చెట్టు ఎక్కమని అడగకూడదు, పైన ఉన్న మనిషిని పిలిచి కెమెరా వైపు చూడమనకూడదు. చెట్టు మీది నుంచి జారిపడి నడుము విరిగిన మనుషులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఒకసారి నేను కింద స్టాండు సర్దుకుంటూ తడబడుతుంటే పైనుంచి ఆ అన్న, "నీ పని నువ్వు చేసుకో బిడ్డా, నా పని నేను చేసుకుంట" అన్నాడు. అదే సరైన పద్ధతి. ఆయన పని ఆయన వేగంతో సాగుతుంది, మీరు దానికి తగ్గట్టు కదలాలి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. మీ సంఘంలో ఆ కిట్ వాడుతున్నవారు ఉంటే దాని బెల్టు, తాళ్లు కనిపించేటట్టే తీయండి. కిట్ లేని పాత మోకు, ముత్తాదుల చిత్రమే అందంగా ఉంటుందని దాన్ని విప్పించడం అన్యాయం. మొహం కనిపించే ప్రతి చిత్రానికీ ముందుగా అనుమతి తీసుకుని, ఎక్కడ పెడతారో కూడా చెప్పాలి.

మూడవ దశ: గ్లాసులో నీరా

మొత్తం పనికి ఇది గుండెకాయ. సమయంలో సగం దీనికే ఇవ్వాలి.

మొదట గ్లాసు సంగతి చూద్దాం. గీతలు, పూలు, రంగులు లేని నిటారు గ్లాసు కావాలి. స్టీలు గ్లాసు, మట్టి ముంత చూడముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో ఏ ద్రవం పోసినా ఒకేలా కనిపిస్తుంది. తాటాకు రేకలో పోసుకుని తాగే దృశ్యం మన ప్రాంతానికి ఎంత ఆత్మీయమైనదైనా, చూసేవారి మనసు వెంటనే కల్లు మండువకు వెళ్తుంది. కనుక దాన్ని తోట కథ చెప్పే వీడియోకు ఉంచుకుని, ధర రాసే చిత్రంలో మాత్రం గాజు గ్లాసే వాడండి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచాక నగరంలో చాలామంది నీరాను తొలిసారి రుచి చూశారు. తోట ఎరుగని అలాంటివారికి గ్లాసులోని తేటదనమే మొదటి పరిచయం.

గ్లాసును సబ్బుతో కడిగి, వేడినీళ్లతో తొలిచి, నూలు గుడ్డతో పట్టుకుని తుడవాలి. ఒక్క వేలిముద్ర ఉన్నా వెనక నుంచి వచ్చే వెలుతురు దాన్ని భూతద్దంలో పెట్టినట్టు చూపుతుంది.

తరువాత వెలుతురు. పొద్దు గ్లాసు వెనక, కొద్దిగా పక్కకు ఉండేలా గ్లాసును నిలపాలి. అంటే మీరు తూర్పు వైపు చూస్తూ తీస్తున్నారన్నమాట. ఎండ నేరుగా తగులుతుంటే మధ్యలో ధోవతిని తెరలా పట్టించాలి. కటువైన మెరుపులు పోయి గ్లాసంతా సమంగా వెలుగుతుంది. ఇప్పుడు తెల్ల అట్టముక్కను గ్లాసు కంటే కొంచెం చిన్నదిగా కత్తిరించి, గ్లాసు వెనక కెమెరాకు కనపడకుండా ఏటవాలుగా ఆనించండి. పై నుంచి పడే వెలుతురు ఆ అట్ట మీద పడి ద్రవం గుండా ముందుకు వస్తుంది, నీరా లోపలి నుంచి వెలిగినట్టు కనిపిస్తుంది. దీనితోపాటు గ్లాసుకు అటూ ఇటూ చిత్రపు ఫ్రేముకు అవతల నల్ల అట్టలు నిలబెడితే గాజు అంచుల వెంబడి సన్నటి నల్లగీత ఏర్పడి, గ్లాసు ఆకారం వెనకదృశ్యంలో కలిసిపోకుండా నిలుస్తుంది. గాజును, పానీయాలను ఫొటో తీసేవారంతా ఆధారపడే కిటుకులివి. పెద్ద వైన్ తయారీ సంస్థల చిత్రాల్లో గ్లాసు వెలిగేది కూడా ఈ పద్ధతిలోనే.

వెనకదృశ్యంగా తెల్ల గోడ వద్దు, ఆకాశమూ వద్దు. గ్లాసుకు ఒకటిన్నర మీటరు వెనకగా ముదురు ఆకుపచ్చ పొద గానీ, నీడలో ఉన్న తాటి బోదె గానీ ఉంటే తేట ద్రవం దాని మీద విడిగా తేలుతుంది. కింద ఏం వేయాలన్నది కూడా ముఖ్యమే. మన వంటిళ్లలో ఎక్కడ చూసినా ఉండే కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు మెరుగు పెట్టినది కాబట్టి ఆకాశాన్నీ మీ చొక్కానూ కూడా అద్దంలా చూపిస్తుంది. వరంగల్ దరీ పరచాలన్న ఆలోచన మంచిదే, నేనూ ప్రయత్నించాను. కానీ దాని ముదురు చారలు చూపును లాగేసుకుంటాయి, నీరా వెలవెలబోతుంది. మెరుగు పెట్టని షాబాదు బండ ముక్క ఒకటి దొరికితే ఏడాది పొడవునా పనికొస్తుంది.

ఇంత సర్దడానికీ నీరా పోయకూడదు. గ్లాసులో మంచినీళ్లు పోసి కోణం, దూరం, వెలుతురు సరిచూసుకున్నాక, చివరి ఘడియలో ఐసు పెట్టెలోంచి తీసిన నీరాను గ్లాసు గోడ వెంబడి నెమ్మదిగా ముప్పావు వంతు వరకు పోయాలి. ఎత్తు నుంచి పోస్తే బుడగలు లేచి కల్లును గుర్తుకు తెస్తాయి. ఐదు నిమిషాల్లోగా పది పదిహేను చిత్రాలు తీసి, ఆ గ్లాసు పక్కన పెట్టి కొత్త గ్లాసు తీసుకోవాలి. గ్లాసు వెనక వేలు పెట్టి చూడండి. వేలి రూపం ద్రవం గుండా ఆనవాలు పట్టగలిగితే ఆ నీరా ఫొటోకు పనికొస్తుంది. గాజు మీద చెమట కావాలని కొందరు గ్లిసరిన్ కలిపిన నీళ్లు చల్లుతారు. చల్లటి నీరా పోసిన గ్లాసుకు తెల్లవారు గాలిలో నిమిషంలోనే నిజమైన చెమట పడుతుండగా ఆ అబద్ధం మనకెందుకు?

నాల్గవ దశ: సీసా, లేబులు

సీసాకు కూడా వెలుతురు వెనక నుంచే రావాలి, అయితే లేబులు ముందు వైపు నల్లబడుతుంది. ముందు నుంచి తెల్ల అట్టతో కొంచెం వెలుతురు తిప్పి లేబులు మీద పడేటట్టు చేస్తే రెండూ కుదురుతాయి. ఫోనును లేబులు ఎత్తుకే దించి నిటారుగా పట్టుకోవాలి, లేకుంటే అక్షరాలు కిందికి జారినట్టు వస్తాయి. దించిన తేదీ, ఎప్పటిలోగా తాగాలి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు చదవగలిగేలా ఒక దగ్గరి చిత్రం తప్పక తీయండి. నీరా కొనేవారి మొదటి అనుమానం తాజాదనం గురించే కాబట్టి, తేదీ కనిపించే ఆ సాదా చిత్రం అలంకరించిన పది చిత్రాల కంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

ఐదవ దశ: బెల్లం, ముంజలు, గేగులు

వీటికి పద్ధతి తిరగబడుతుంది. తాటి బెల్లం గరుకుదనం, గేగుల (తాటి టెంకల మొలకల) పీచు కనిపించాలంటే వెలుతురు పక్క నుంచి రావాలి. ముంజ మాత్రం నీరా లాంటిదే. వెనక వెలుతురులో పెడితే లోపలి నీరు మెరుస్తుంది. కాయ కోసిన వెంటనే తీయాలి, ఆరిన ముంజ ముఖం ముడుచుకుంటుంది.

ఆరవ దశ: వీడియో

పదిహేను నుంచి ముప్పై సెకన్ల నిలువు వీడియో చాలు. మొదటి రెండు సెకన్లలోనే లొట్టిలోంచి వడకట్టు గుడ్డ మీదుగా నీరా జారే దృశ్యం ఉండాలి. పేరు, చిరునామా, నమస్కారం చివరికి పోవచ్చు. పాట కంటే గీత కత్తి చప్పుడు, నీరా పడే సవ్వడి, తోటలో పక్షుల కూతలు ఎక్కువ కట్టిపడేస్తాయని నా అనుభవం. కాబట్టి గాలి లేని వేళ ఫోనును దగ్గర పెట్టి ఆ శబ్దాన్ని వేరుగా కూడా రికార్డు చేసుకోండి. దుకాణంలో ట్యూబులైటు కింద తీసేటప్పుడు తెర మీద చారలు కదులుతుంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 లేదా 50 ఫ్రేములకు మార్చి, షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెడితే చాలావరకు పోతాయి. నెమ్మది వేగపు దృశ్యాలను ఆరుబయట పగటి వెలుతురులోనే తీయాలి.

ఏడవ దశ: దిద్దుబాటు, తెలుగు అక్షరాలు

దిద్దేటప్పుడు చేయాల్సింది తక్కువ. తెల్లవారు నీడలో తీసిన చిత్రాలు నీలంగా వస్తాయి. వాటిని కొద్దిగా వెచ్చబరచి, ఒక చిత్రంలో గ్లాసు పక్కన పెట్టి తీసిన తెల్ల అట్ట తెల్లగా కనిపించే వరకు సరిచేస్తే చాలు. పసుపు పెంచితే నీరా పండ్ల రసంలా, ప్రకాశం పెంచితే కల్లులా మారుతుంది. మొదటి చిత్రానికి కుదిరిన కొలతలనే ఆ రోజు తీసిన చిత్రాలన్నింటికీ వాడాలి.

చిత్రం మీద తెలుగు రాయడం మనకు ప్రత్యేకంగా ఉన్న సమస్య. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పంక్తుల ఎడం మనకు చాలదు. పై పంక్తిలోని వత్తు కింది పంక్తి గుడిని ఢీకొంటుంది. అక్షరం ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్ల ఎడం ఇవ్వండి. శీర్షికకు రామభద్ర లాంటి దళసరి ఫాంటు, వివరాలకు మండలి లాంటి సన్నటి ఫాంటు బాగుంటాయి; రెండూ ఉచితంగా దొరుకుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో భారతీయ లిపుల అమరిక ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. అలా వచ్చిన పోస్టరును "పర్వాలేదు, అర్థమవుతుంది" అని పెట్టేయకండి. సొంత భాషను సరిగా రాయలేని వ్యాపారి సరుకును శుభ్రంగా వడకట్టాడని ఎవరు నమ్ముతారు? ఒక చిత్రం మీద ఏడెనిమిది పదాలు మించకూడదు. ఉదాహరణకు "ఈ తెల్లవారి నీరా, తొమ్మిది గంటల వరకే" అంటే సరుకు, సమయం రెండూ చెప్పినట్టే.

ఎనిమిదవ దశ: కొలతలు, పంపే తీరు, కాలానుక్రమం

ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు పోస్టుకు 1080×1350, రీల్స్‌కు, వాట్సాప్ స్టేటస్‌కు 1080×1920 పిక్సెళ్లు అనువైనవి. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పేజీలో చతురస్రాలకు బదులు 3:4 నిలువు గళ్లు కనిపిస్తున్నాయి కనుక, పాత చతురస్రపు చిత్రాల అంచులు తెగకుండా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. గ్లాసును మధ్యలో ఉంచి, అక్షరాలను అంచులకు దూరంగా పెడితే అన్నిచోట్లా పనికొస్తుంది. సంఘం సభ్యులకు ఫొటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

ఏడాదంతా ఒకే గ్లాసు చిత్రం తిప్పి తిప్పి పెట్టే అవసరం మనకు లేదు. చలికాలంలో ఈత నీరా, గేగులు. మాఘం దాటాక తాటి నీరా. ఎండలు ముదిరాక ముంజలు. వానాకాలం చివర తాటి పండ్లు. మిగతా రోజుల్లో బెల్లం. చెట్టే ఇచ్చిన ఈ వరుసను అనుసరించి, ఒక్కో కాలంలో రెండు తెల్లవారుజాములు కేటాయించుకుంటే ఏడాదికి సరిపడా చిత్రాలు సమకూరుతాయి.

తొమ్మిదవ దశ: చిత్రంతోపాటు ఏం రాయకూడదో తెలుసుకోవడం

నీరాతో మధుమేహం పోతుంది, కిడ్నీ రాళ్లు కరుగుతాయి అన్న వాక్యాలు మన వైపు పోస్టర్ల మీద చాలా కనిపిస్తాయి. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని ప్రకటించడాన్ని 2018 నాటి ఆహార భద్రతా ప్రకటనల నిబంధనలు అనుమతించవు. పైగా నీరా చక్కెర నిండిన పానీయం. ఆ మాట నమ్మి మధుమేహం ఉన్న పెద్దాయన ఎవరైనా రోజూ తాగితే కలిగే హాని మన చేతి మీదుగా జరిగినట్టే. అలాగే నీరా పేజీలో కల్లు చిత్రం, మత్తును గుర్తుచేసే మాట, తాగి ఊగే బొమ్మ ఏదీ సరదాకైనా పెట్టకూడదు. కల్లు ఎక్సైజు పరిధిలోని మత్తు పానీయం. ఆ గీత చెరిగిపోతే అనుమతితో నీరా అమ్ముతున్న సంఘానికే ఇబ్బంది వస్తుంది.

పోస్టు పెట్టిన మర్నాడు కింద వచ్చిన ప్రశ్నలన్నీ కూర్చుని చదవండి. ధర, చోటు, సమయం అడుగుతున్నారంటే చిత్రం తన పని చేసింది. వాటిలో "కల్లు ఎంత?" అన్నది మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ చిత్రాన్ని తీసేసి, వెనకదృశ్యం మార్చి, మరుసటి తెల్లవారుజామున కొత్త గ్లాసుతో మళ్లీ తీయండి.